చావు మానుకున్న కణాలు

జులై 19, 2025. ఉప్పాడ

కాకినాడ నుంచి వచ్చేసరికి చీకటి పడింది. బీచ్ రోడ్డు మీద అలలు రాళ్లు దాటి ఎగిరి పడుతున్నాయి. ఆటో అబ్బాయి అద్దం తుడుచుకుంటూ నడిపాడు. అన్నయ్య రిపోర్టుల కవరు ఒళ్లో పెట్టుకుని దారి పొడుగునా మాట్లాడకుండా కూర్చున్నాడు.

తెల్లకణాలు 1,38,000. మామూలుగా 11,000 దాటకూడదు. మెడకి రెండు పక్కలా, చంకల్లో గడ్డలు. ప్లీహం పక్కటెముకల కిందికి దిగింది. 2019లో మొదటిసారి బయటపడ్డప్పుడు బెండమస్టిన్, రిటుక్సిమాబ్ ఎక్కిస్తే తగ్గింది. ఆ తర్వాత మళ్లీ మగ్గం ఎక్కాడు, జాందానీ చీరలు నేశాడు, మనవరాలి ఓణీల ఫంక్షన్ చేశాడు. ఇప్పుడు తిరగబెట్టింది. జబ్బు అదే: క్రానిక్ లింఫోసైటిక్ ల్యుకేమియా. డాక్టరు గారు సి.ఎల్.ఎల్. అంటారు.

"పదమూడో క్రోమోజోమ్‌లో చిన్న ముక్క లేదు. పదిహేడోది బాగుంది. అది మంచి విషయం మేడమ్" అన్నారాయన. ఈసారి సెలైను మందుతో మొదలుపెట్టరట, మాత్రతో మొదలు. వెనెటోక్లాక్స్. బి.సి.ఎల్-2 అనే ప్రోటీన్‌కి అంటుకునే మందు. కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి, మొదట్లో ఆస్పత్రిలో ఉండాలి.

ఆటో దిగుతుండగానే వదిన నా చెయ్యి పట్టుకుంది. "వీధిలో ఎవరన్నా అడిగితే రక్తం తక్కువైందని చెప్పమ్మా. ఆ మాట మాత్రం ఎత్తొద్దు."

రాత్రి అన్నం దగ్గర అన్నయ్య అడిగాడు. "చెల్లెమ్మా, లోపల బాగా పెరిగిపోతోందా?"

"పెరగడం కంటే చావకపోవడం ఎక్కువ అన్నయ్యా."

ముద్ద పట్టుకుని నా మొహంలోకి చూశాడు. రేపు వివరంగా చెప్తానన్నాను.

జులై 20

పొద్దున్నే అరుగు మీద కూర్చున్నాం. పాఠం చెప్పినట్టు చెప్పకూడదనుకున్నాను గానీ జువాలజీ చెప్పిన నోరు ఊరుకోదు.

కప్పపిల్ల తోక ఏమవుతుందో అడిగాను. "రాలిపోతుంది" అన్నాడు. రాలదు. తోకలోని కణాలు ఒక్కొక్కటే తమని తాము విప్పేసుకుంటాయి, పక్క కణాలు ఆ ముక్కల్ని తినేస్తాయి. కడుపులో ఉన్నప్పుడు మన వేళ్ల మధ్య చర్మం ఉంటుంది, అదీ అలాగే పోయి వేళ్లు విడివడతాయి. పెద్దవాళ్ల ఒంట్లోనూ రోజుకి వేల కోట్ల కణాలు ఇలా పోతుంటాయి. ఎక్కడా చీము ఉండదు, వాపు ఉండదు, నొప్పి ఉండదు. 1972లో కెర్, విల్లీ, క్యూరీ అనే ముగ్గురు దీన్ని విడిగా గుర్తించి అపోప్టోసిస్ అని పేరు పెట్టారు. అప్పటిదాకా సూక్ష్మదర్శినిలో కనబడుతూనే ఉన్నా పెద్దగా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. చావు గురించి చదవడానికి శాస్త్రవేత్తలకీ మనసు రాదేమో.

"అయితే నా కణాలు?"

నీ లింఫోసైట్లు అనే తెల్లకణాలు పోవాల్సిన వేళకి పోవట్లేదు అన్నాను. చాలా భాగం విభజన కూడా చెందకుండా ఊరికే ఉంటాయి. కొత్తవి మెల్లగానే పుడతాయి, కానీ పాతవి దిగిపోవు. అందుకే అన్నేళ్లు కిమ్మనకుండా ఉండి, ఇప్పుడు మూలుగ నిండా, రక్తం నిండా అవే.

కాసేపు ఊరుకుని అన్నాడు. "జాందానీలో బుటా అయిపోయిన చోట పోగు కత్తిరించాలి. బద్ధకించి వదిలేసుకుంటూ పోయావనుకో, చీర వెనక్కి తిప్పి చూస్తే అంతా చిక్కే. పోగు మంచిదే. జరీ మంచిదే. కొయ్యలేదు, అంతే."

నేను క్లాసులో ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

జులై 23

మేనల్లుడు హైదరాబాదు నుంచి ఫోన్లో కాగితాలు పంపాడు. కళ్లద్దాలు మార్చుకుని చదువుతున్నాను.

బి.సి.ఎల్-2 కథ ఫిలడెల్ఫియాలో మొదలైంది. 1984–85ల్లో విస్టార్ ఇన్‌స్టిట్యూట్‌లో సుజిమోటో, క్రోచే ఫాలిక్యులర్ లింఫోమా అనే మరో రకం రక్తపు క్యాన్సర్ చూస్తున్నారు. ఆ కణాల్లో పద్ధెనిమిదో క్రోమోజోమ్ ముక్క తెగి పద్నాలుగోదానికి అతుక్కుంటుంది. పద్నాలుగోదాని మీద ఆ చోట యాంటీబాడీలు తయారుచేసే జన్యువు ఉంటుంది. లింఫోసైట్‌లో అది రాత్రీ పగలూ పనిచేసే చోటు. దాని పక్కన వచ్చి పడ్డ జన్యువు కూడా ఆగకుండా పనిచెయ్యడం మొదలుపెట్టింది. అదే బి.సి.ఎల్-2.

అప్పటికి తెలిసిన క్యాన్సర్ జన్యువులన్నీ కణాన్ని విభజించమని తరిమేవే. ఇదీ అలాంటిదే అనుకున్నారు. 1988లో మెల్‌బోర్న్‌లో డేవిడ్ వాక్స్, సుజాన్ కోరీ, జెర్రీ ఆడమ్స్ ఒక పని చేశారు. ఎలుక కణాల్లో ఈ జన్యువు పెట్టి, అవి బతకడానికి కావల్సిన పోషక సంకేతాన్ని తీసేశారు. మామూలు కణాలైతే కొద్ది రోజుల్లో చచ్చిపోవాలి. ఇవి చావలేదు. విభజన కూడా చెందలేదు. ఊరికే అలా ఉండిపోయాయి. సంకేతం తిరిగి ఇస్తే మళ్లీ విభజన మొదలుపెట్టాయి.

ఆ ప్రయోగంలో నాకు నచ్చింది, ఏమీ జరగకపోవడమే ఫలితం కావడం. క్యాన్సర్ అంటే అదుపు లేకుండా పెరగడం అని ఇంటర్ పుస్తకంలో ఒక్క వాక్యం ఉంటుంది. అందులో సగమే ఉంది. పెరగమనే ఒత్తిడి ఎక్కువైన కణం మామూలుగా తనంతట తానే పోతుంది, ఒళ్లు అలా కట్టి ఉంది. పెరుగుదల క్యాన్సర్‌గా నిలబడాలంటే ఆ చావు ఎక్కడో ఆగిపోవాలి. ఒకటి తరమాలి, ఇంకొకటి చావకుండా పట్టుకోవాలి.

అన్నయ్యకి పద్ధెనిమిదోది తెగలేదు. పదమూడో క్రోమోజోమ్‌లో ముక్క పోయింది. సి.ఎల్.ఎల్. వచ్చినవాళ్లలో సగం మంది పైనే ఇలాంటివాళ్లు. ఆ ముక్కలో ప్రోటీన్లు తయారుచెయ్యని రెండు చిన్న ఆర్.ఎన్.ఏ.లు ఉంటాయని 2002లో కాలిన్, క్రోచే బృందం చూపింది. బి.సి.ఎల్-2 మితిమీరకుండా అణిచి ఉంచేవి అవేనని 2005లో తేలింది. అవి పోయాయి, ఇది పేరుకుపోయింది. దారి వేరు, చేరిన చోటు ఒకటే.

జులై 27

మధ్యాహ్నం అన్నయ్య నిద్రపోయాక ఎల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి రాసుకోవాలనిపించింది. భీమవరంలో 1895లో పుట్టి, రాజమండ్రిలో చదివి, అమెరికాలో లెడర్లే కంపెనీలో పనిచేసినాయన. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తోనే 1947 చివర్లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సర్ పిల్లలకి వైద్యం మొదలుపెట్టాడు. కొందరిలో జబ్బు కొన్నాళ్లయినా వెనక్కి తగ్గింది. అంతకుముందు అది ఎవరూ చూడలేదు. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్, ఈనాటికీ వాడుతున్నారు. 1948లో సుబ్బారావు గారే పోయారు.

ఆ మందు విభజన చెందబోయే కణానికి డి.ఎన్.ఏ. కట్టుకునే సరుకు అందనివ్వదు. తొందరగా పెరిగే పిల్లల ల్యుకేమియాకి అది సరైన దెబ్బ. అన్నయ్య కణాల్లాగా చాలావరకు విశ్రాంతిలో ఉండేవాటి మీద విభజనని చూసి కొట్టే మందుకి పట్టు తక్కువ. పైగా, కీమో మందు డి.ఎన్.ఏ.ని దెబ్బతీసినా ఆ దెబ్బకి కణం చచ్చిపోవడం తన లోపలి ఏర్పాటు వల్లే. దెబ్బని గమనించి చావమని చెప్పేది పి-53 అనే ప్రోటీన్. దాని జన్యువు ఉండేది పదిహేడో క్రోమోజోమ్ మీద. డాక్టరు గారు "పదిహేడోది బాగుంది" అన్నది అందుకు. మనుషుల క్యాన్సర్లలో దాదాపు సగంలో ఈ పి-53 పాడై ఉంటుంది. అది పాడైనవాళ్లకి మామూలు కీమో ఎంత ఎక్కించినా ఫలితం తక్కువ. దెబ్బ తగులుతుంది, చెప్పేవాడుండడు.

ఆగస్టు 3

సామర్లకోట రైలుగేటు దగ్గర ఇరుక్కుపోయి ఆటోలో కూర్చుని చదివిన కాగితం, ఆ ఊళ్లోనే పుట్టినాయనది. చాగంటి రాజు గారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చదివి, అమెరికా వెళ్లి, న్యూయార్క్‌లో మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లో క్రోమోజోముల మీద పనిచేశారు. 1993లో కొలంబియా విశ్వవిద్యాలయపు డల్లా-ఫవేరా బృందంతో కలిసి, పెద్దకణాల లింఫోమాలో మూడో క్రోమోజోమ్ తెగే చోట ఉన్న జన్యువుని పట్టుకున్నవాళ్లలో ఆయనొకరు. దాని పేరు బి.సి.ఎల్-6.

పేరు కలిసినంత మాత్రాన ఇది బి.సి.ఎల్-2కి చుట్టం కాదు. పని వేరు. లింఫ్ గ్రంథుల్లో బి-లింఫోసైట్లు మంచి యాంటీబాడీ కోసం తమ జన్యువుల్ని కావాలనే తెగ్గొట్టుకుని మార్చుకుంటాయి. ఇంకే కణమైనా డి.ఎన్.ఏ. అలా తెగితే పి-53 లేచి చావమంటుంది. ఈ కణాల్లో మాత్రం ఆ కొద్దికాలం బి.సి.ఎల్-6 పి-53ని నోరెత్తనివ్వదు. ఈ సంగతి 2004లో డల్లా-ఫవేరా ప్రయోగశాల నుంచే వచ్చింది. అంటే ఆ తప్పుల్ని ఒళ్లు తెలిసే క్షమిస్తోంది, మన రోగనిరోధకం కోసం.

అదే సమయంలో ఆ కణాల్లో బి.సి.ఎల్-2 దాదాపు ఉండదు. ఎందుకంటే మార్పులు పనికొచ్చినవే బతకాలి, మిగతావి తొందరగా పోవాలి. గెలిచి బయటకొచ్చిన జ్ఞాపక కణాలకి బి.సి.ఎల్-2 తిరిగి వస్తుంది. దాని బలం మీదే అవి ఏళ్ల తరబడి బతుకుతాయి. అన్నయ్యకి చిన్నప్పుడు పోసిన ఆటలమ్మ మళ్లీ పొయ్యకపోవడం వెనక ఇలా బతికిన కణాలున్నాయి.

ఇది చదివాక ఈ ప్రోటీన్లని తిట్టాలనిపించదు. క్యాన్సర్ వీటిని కనిపెట్టలేదు. బతకాల్సినవాటిని బతికించడానికి ఒళ్లు చేసుకున్న ఏర్పాటుని, వేళ దాటిపోయాక కూడా పట్టుకుని కూర్చుంది. అంతే దాని తెలివి.

ఆగస్టు 9. కాకినాడ, ఆస్పత్రిలో

మొదటి మాత్ర. 20 మిల్లీగ్రాములు. వదిన తెచ్చిన ఇడ్లీ తిన్నాక వేశారు. ఖాళీ కడుపుతో వెయ్యకూడదు.

రెండు రోజుల నుంచీ నీళ్లు తాగమని వదిన వెంటపడుతోంది. రోజుకి రెండు లీటర్లు. యూరిక్ యాసిడ్‌కి అలోప్యూరినాల్ ముందే మొదలైంది. కారణం డాక్టరు గారు ఉన్నదున్నట్టు చెప్పారు. "మందు పనిచెయ్యదని కాదమ్మా భయం. ఒక్కసారిగా పనిచేస్తుందని." అన్నేళ్లుగా పోగైన కణాలన్నీ ఒకేసారి చస్తే లోపలి పొటాషియం, ఫాస్ఫేటు రక్తంలోకి వచ్చి పడతాయి. మూత్రపిండాలు ఆగిపోవచ్చు, గుండె లయ తప్పవచ్చు. అందుకే వారానికో మెట్టు: 20, 50, 100, 200, 400.

సాయంత్రం రక్తం తీశారు, రేపు పొద్దున మళ్లీ తీస్తారు. అన్నయ్య నర్సమ్మతో అంటున్నాడు: "ఆయ్, పొటాషియం ఎంతొచ్చిందో కొంచెం చెప్పండమ్మా, మా చెల్లెలు నిద్రపోదు."

ఆగస్టు 10

పొటాషియం 4.6. యూరిక్ యాసిడ్ కొంచెం ఎక్కినా భయం లేదు. తెల్లకణాలు 1,38,000 నుంచి 91,000కి దిగాయి. ఒక్క చిన్న మాత్ర!

అంత తొందరగా ఎలా? దీని జవాబు బోస్టన్‌లో ఆంథనీ లెటాయ్ వాళ్ల పనిలో దొరికింది. వరుసగా రాసుకుంటాను, రేపు మేనల్లుడు అడుగుతాడు.

కణం చావు నిర్ణయమయ్యేది మైటోకాండ్రియా పై పొర మీద. బ్యాక్స్, బ్యాక్ అనే రెండు ప్రోటీన్లు జతకట్టి ఆ పొరకి చిల్లులు పెడతాయి. లోపలి సైటోక్రోమ్-సి బయటికొస్తుంది. అది కాస్పేజ్‌లు అనే ఎంజైముల్ని లేపుతుంది, అవి కణాన్ని లోపలినుంచి ముక్కలు చేస్తాయి. చావమనే వార్త తెచ్చేవి బిమ్, ప్యూమా, నాక్సా లాంటి చిన్న ప్రోటీన్లు. బి.సి.ఎల్-2, బి.సి.ఎల్-ఎక్స్ఎల్, ఎమ్.సి.ఎల్-1 ఈ వార్త తెచ్చేవాటిని తమ ఒంటి మీదున్న గాడిలో ఇరికించుకుని వదలవు. ఈ అడ్డు దాటినా కింద ఎక్స్.ఐ.ఏ.పి. అనేది కాస్పేజ్‌ల్నే పట్టుకుంటుంది. ఒక అడ్డు తర్వాత ఇంకో అడ్డు.

సి.ఎల్.ఎల్. కణాల్లో బి.సి.ఎల్-2 గాడులు ముందే బిమ్‌తో నిండిపోయి ఉంటాయని లెటాయ్ బృందం 2007లో చూపింది. అంటే ఆ కణాలకి చావు కబురు ఎప్పుడో వచ్చింది, ఒకసారి కాదు, పదేపదే వచ్చింది. అవి బలంగా ఉండి బతకట్లేదు. చావు అంచున నిలబడి, ఒక్క ప్రోటీన్ పట్టు మీద బతుకుతున్నాయి. వెనెటోక్లాక్స్ అచ్చం బిమ్ కూర్చునే గాడిలోనే కూర్చుంటుంది. బిమ్ బయటపడుతుంది. మిగతా పని కణం తానే చేసుకుంటుంది.

సుబ్బారావు గారి మందు కణం బతుకు మీద దెబ్బ కొడుతుంది. ఇది అడ్డు తొలగిస్తుంది, అంతే. చంపే మందు కాదు, వదిలిపెట్టే మందు. పక్కనున్న మామూలు కణాల్లో చాలావాటికి ఆ కబురు రానే లేదు కాబట్టి వాటికి దీనితో పెద్దగా పని లేదు.

అన్నయ్యకి పొట్టిగా చెప్పాను. "అయితే అవి ఎప్పుడో పోదామనుకుంటున్నాయన్నమాట, పాపం" అన్నాడు.

ఆగస్టు 27. వినాయక చవితి

100 మిల్లీగ్రాముల వారం. ఇంటికొచ్చేశాం. మెడ గడ్డలు చేతికి దొరకడం లేదు.

పాలవెల్లికి కట్టడానికి పిల్లలు మామిడాకులు, మొక్కజొన్న కండెలు, పంపరపనస తెచ్చారు. డాక్టరు గారు ఇచ్చిన కాగితంలో గ్రేప్‌ఫ్రూట్ తినొద్దని ఉంది. మన పంపరపనస దాని తల్లి వరస. లోపలి రసాయనాలూ అలాంటివే, ఈ మాత్రని విరగ్గొట్టే కాలేయపు ఎంజైముని పడుకోబెట్టేస్తాయి. అప్పుడు 100 మింగినా ఒంట్లో అంతకు రెట్లు ఉన్నట్టవుతుంది. ఫోన్ చేసి అడిగితే "వద్దు, స్టార్‌ఫ్రూట్ కూడా వద్దు" అన్నారు.

వదిన ఆలోచించి చెప్పింది. "కడదాం. దేవుడికి కట్టినది దేవుడికే. పూజయ్యాక పక్కింటికి పంపించేద్దాం." పక్కింటావిడ సంతోషంగా తీసుకుంది, ఇంత పెద్ద పండు ఎందుకిచ్చారో అడగలేదు.

సెప్టెంబర్ 10

400కి చేరాడు. ఇకనుంచి రోజూ ఇదే మోతాదు.

ప్లేట్‌లెట్లు 1,52,000 ఉన్నాయి. ఈ అంకె వెనక ఒక చరిత్ర ఉంది. ఆబట్ కంపెనీలో స్టీఫెన్ ఫెసిక్ బృందం 1996లో బి.సి.ఎల్-ఎక్స్ఎల్ ఆకారాన్ని చూసి, ఆ గాడిని కొలిచి, దానిలో ఇమిడే అణువు కోసం ఏళ్ల తరబడి వెతికింది. ఒక ప్రోటీన్ ఇంకో ప్రోటీన్‌ని పట్టుకునే చోట మందు పెట్టడం కుదరదని ఆ రోజుల్లో చాలామంది అనుకునేవారు. 2005లో మొదటి నమూనా వచ్చింది. దాని నుంచి వచ్చిన మాత్ర నావిటోక్లాక్స్, బి.సి.ఎల్-2నీ, బి.సి.ఎల్-ఎక్స్ఎల్‌నీ రెండింటినీ పట్టుకునేది. క్యాన్సర్ తగ్గింది, వెంటనే ప్లేట్‌లెట్లూ పడిపోయాయి.

ప్లేట్‌లెట్‌కి కేంద్రకం ఉండదు. కొత్తగా ఏదీ పెద్దగా తయారుచేసుకోలేదు. పుట్టినప్పుడు తెచ్చుకున్న బి.సి.ఎల్-ఎక్స్ఎల్ మెల్లగా అరిగిపోతుంది, అది అరిగిన రోజున బ్యాక్ చేతిలో పోతుంది. దాని ఆయుష్షు లెక్క అదే. ఇదీ మెల్‌బోర్న్ నుంచే, 2007లో. అప్పుడు రసాయన శాస్త్రవేత్తలు మళ్లీ కూర్చుని, బి.సి.ఎల్-2ని పట్టుకుని బి.సి.ఎల్-ఎక్స్ఎల్‌ని వదిలేసే అణువు కట్టారు. 2013లో దాని వివరాలు అచ్చయ్యాయి. 2016 ఏప్రిల్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది, మొదట పదిహేడో క్రోమోజోమ్ ముక్క పోయినవాళ్లకే. పి-53 లేకపోయినా ఇది పనిచేస్తుంది, ఎందుకంటే ఇది ఆ మెట్టుకి దిగువన పనిచేసే మందు. 1988 నాటి ఎలుక కణాల నుంచి మాత్ర దాకా 28 ఏళ్లు.

సెప్టెంబర్ 13. కాకినాడ

రిటుక్సిమాబ్ మొదటి విడత. పొద్దున ఎక్కించడం మొదలుపెడితే సాయంత్రం అయింది, మధ్యలో చలి వస్తే ఆపి మళ్లీ పెట్టారు. కణం పైన ఉండే సి.డి.-20ని పట్టుకునే యాంటీబాడీ ఇది. మాత్ర లోపల, ఇది బయట. దీనికి ప్రపంచంలో మొట్టమొదటి సమానరూపం 2007లో హైదరాబాదులో డాక్టర్ రెడ్డీస్ తెచ్చింది, రెడిటక్స్ పేరుతో. అది లేకపోతే మనలాంటి ఇళ్లల్లో ఎంతమందికి ఇది అందేదో.

మాత్ర రెండేళ్లు, ఇంజెక్షన్ ఆరు విడతలు. 2018లో అచ్చయిన మురానో పరీక్ష పద్ధతి ఇదే.

సెప్టెంబర్ 21

జ్వరం 101. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు 700కి పడిపోయాయి. ఆస్పత్రిలో చేర్చి యాంటీబయాటిక్, కణాలు పెరిగే ఇంజెక్షన్ ఇచ్చారు. మాత్ర కొద్దిరోజులు ఆపారు.

మంచి కణాలకి ఈ మాత్రతో పెద్దగా పని లేదని మొన్న రాసుకున్నాను. పెద్దగా లేదు, కొంత ఉంది. ఒళ్లు బి.సి.ఎల్-2ని ఎక్కడెక్కడ వాడుకుంటుందో అక్కడల్లా లెక్క కట్టాల్సిందే.

అక్టోబర్ 7

అన్నయ్య తేరుకున్నాడు. రక్తంలో లింఫోసైట్లు మామూలుకి వచ్చేశాయి. స్కాన్‌లో పొట్ట లోపలి గ్రంథులు మాత్రం ఇంకా ఉన్నాయి, చిన్నవయ్యాయి.

రక్తం ముందు, గ్రంథులు వెనక. ఎందుకని అడిగితే డాక్టరు గారు ఎమ్.సి.ఎల్-1 పేరు చెప్పారు. గ్రంథిలో చుట్టుపక్కల కణాలు సి.ఎల్.ఎల్. కణానికి బతకమని సంకేతాలు ఇస్తూ ఉంటాయి. వాటితో ఎమ్.సి.ఎల్-1, బి.సి.ఎల్-ఎక్స్ఎల్ పెరుగుతాయి. బి.సి.ఎల్-2 గాడిలోంచి బయటపడ్డ బిమ్‌ని ఇవి పట్టుకుంటాయి. రక్తంలోకి వచ్చిన కణానికి ఆ దన్ను ఉండదు, అందుకే తొందరగా పోతుంది.

అయితే ఎమ్.సి.ఎల్-1కీ ఒక మందు పెట్టవచ్చు కదా? పెట్టి చూశారు. గుండె కండరం తన మైటోకాండ్రియాని కాపాడుకోవడానికి ఎమ్.సి.ఎల్-1 మీదే ఆధారపడుతుంది. మనుషుల మీద పరీక్షల్లో కొన్ని మందులకి గుండె దెబ్బతింటున్న గుర్తులు కనబడి ఆపేశారు. ఒక్కొక్క అవయవం ఒక్కొక్కదాన్ని నమ్ముకుని ఉంది. ప్లేట్‌లెట్ ఒకదాన్ని, గుండె ఇంకోదాన్ని, లింఫోసైట్ మరోదాన్ని. మనకి మందు దొరికింది లింఫోసైట్ నమ్ముకున్నదానికి. అది కొంత పోయినా మనిషి బతకగలడు కాబట్టి.

అక్టోబర్ 28. పిఠాపురం

మొంథా తుఫాను. నిన్నటినుంచే ఊళ్లో ఇళ్లు ఖాళీ చెయ్యమని మైకులు. సముద్రం రోడ్డు మీదికి వచ్చేసింది. వదిన తమ్ముడింటికి వచ్చేశాం. మాత్రల పెట్టె, రిపోర్టుల ఫైలు, థర్మామీటరు నా సంచిలో. మగ్గం మీద సగం నేసిన చీరకి ప్లాస్టిక్ పట్టా కప్పి వచ్చాడు అన్నయ్య.

ఇంటి నిండా జనం. పిల్లల్లో ఇద్దరికి జలుబు. వదిన వాళ్ల మరదలు అన్నయ్య పక్కనే పిల్లల పక్కలు వేస్తోంది. వదిన కొంగు దోపుకుని నిలబడింది. "ఈయనకి క్యాన్సరు. రక్తం క్యాన్సరు. జలుబు అంటితే ఆస్పత్రే. ఈ గది ఆయనకి వదిలెయ్యండి, నీళ్లు మరిగించి ఇవ్వండి." ఎవరూ ఏమీ అనలేదు. ఆవిడ పక్కలు తీసుకుని వెళ్లిపోయింది, అయిదు నిమిషాల్లో కాచిన నీళ్లు వచ్చాయి.

రాత్రి గాలి హోరు. తీరం నరసాపురం దగ్గర దాటిందని ఫోన్లో వచ్చింది.

నవంబర్ 2. ఉప్పాడ

ఇంట్లోకి నీళ్లు రాలేదు. వీధి చివర రెండిళ్ల గోడలు పోయాయి. పట్టా కింద చీర పొడిగానే ఉంది.

నవంబర్ 16

రేపు కాకినాడ వెళ్లాలి. ఈ వారం చదివినదంతా మొండితనం గురించే.

2019లో మెల్‌బోర్న్ వాళ్లే ఇంకొకటి చూపించారు. ఏళ్ల తరబడి వెనెటోక్లాక్స్ ఆపకుండా వాడుతున్నవాళ్లలో కొందరికి జబ్బు తిరగబెడితే, వాళ్ల కణాల్లో బి.సి.ఎల్-2లో ఒక్క అక్షరం మారింది. 101వ స్థానంలో గ్లైసిన్ ఉండాల్సిన చోట వాలీన్. వాలీన్ ఒళ్లు కొంచెం పెద్దది. దానితో గాడి తీరు మారిపోయి మందు సరిగా కూర్చోదు, పట్టు 180 రెట్లు తగ్గుతుంది. బిమ్ మాత్రం ఎప్పటిలా కూర్చుంటుంది. వార్త తెచ్చేవాడిని ఇరికించుకోగలదు, విడిపించడానికి వచ్చినదాన్ని రానివ్వదు. ఇది ఎవరి పన్నాగమూ కాదు. కోట్ల కణాల్లో ఎక్కడో ఒకచోట జరిగిన అక్షర దోషం, మందు నీడలో మిగిలి పెరిగింది.

అందుకే ఈ రెండేళ్ల గడువు నాకు ఇప్పుడు నచ్చుతోంది. మొదట విన్నప్పుడు ఎందుకు ఆపుతారు, జీవితాంతం వేసుకుంటే పోలేదా అనిపించింది వదినకి. జీవితాంతం వేస్తే, మందు తట్టుకునే ఒక్క కణానికి జీవితాంతం అవకాశం ఇచ్చినట్టు. గట్టిగా దించేసి, ఆపేసి, కనిపెట్టుకుని ఉండటంలో అర్థం ఉంది. మందుకీ వేళ ఉండాలి.

డాక్టరు గారిని అడగాల్సినవి:

గ్రంథుల స్కాన్ మళ్లీ ఎప్పుడు?

పదివేల కణాల్లో ఒక్కటి మిగిలినా పట్టే పరీక్ష, ఎమ్.ఆర్.డి., మనకి ఎక్కడ చేస్తారు? చివర్లో చెయ్యాలా, మధ్యలో కూడానా?

రిటుక్సిమాబ్ మీద ఉండగా వేసిన టీకా సరిగా పట్టదంటారు. ఫ్లూ టీకా ఇప్పుడు వెయ్యాలా, ఆగాలా? ఇంట్లో మిగతా అందరం వేయించుకుంటే చాలా?

మగ్గం గుంటలో చెమ్మ చేరింది, తుఫాను తర్వాత బూజు వాసన. కూర్చోవచ్చా? (న్యూట్రోఫిల్స్ 2,100.) బూజుకి మందు వాడాల్సి వస్తే ఈ మాత్ర మోతాదు ఎంత తగ్గించాలి?

రెండేళ్లు నిండి ఆపేశాక మళ్లీ వస్తే, ఇదే మాత్ర మళ్లీ పనిచేస్తుందా? గడువుకి ఆపినవాళ్లలో చాలామందికి చేస్తుందని చదివాను. అయినా ఈ ప్రశ్న నన్ను వెయ్యొద్దన్నాడు అన్నయ్య, తనే అడుగుతాడట.